బజారు రొట్టె - ఇంటి పెనము



పల్లెలోనున్న పెద్దలకు, పట్నములోనున్న సంతానమును గూర్చి ఒక ప్రశ్న ఎప్పుడును మనస్సులో మెదలుచుండును. "వాడు అక్కడ ఏమి తినుచున్నాడో!" అనునదే ఆ ప్రశ్న. జీతమెంత, ఇల్లెక్కడ, స్నేహితులెవరు అను ప్రశ్నలన్నియు దాని వెనుకనే వచ్చును. నేను మూసాపేటలో చిరకాలముగా కాపురమున్నవాడను. ఉదయమునను, సాయంకాలమునను మెట్రో రైలు దిగి మెట్లవెంట వచ్చు యువతీయువకులను ప్రతిదినము చూచుచున్నాను. వారిలో ననేకులు దారి ప్రక్క బండియొద్ద నిలిచి, అప్పుడే కాల్చిన ఒక రొట్టె ఫలహారమును కాగితములో పట్టుకొని, ఊదుకొని తినుచు నడచిపోవుదురు. దానికే శాండ్‌విచ్ అని పేరు.

రెండు రొట్టె ముక్కలు. వానికి లోపలివైపున వెన్నయు, కొత్తిమీర పచ్చడియు. నడుమ ఉడికిన ఆలుగడ్డ, బీట్‌రూటు, దోసకాయ, టమాట, ఉల్లి చక్రములు. పైన చిటికెడు మసాలా పొడి. దీనిని ఇనుప అచ్చులో బిగించి నిప్పుమీద కాల్తురు. ఈ వస్తువు కొందరు పెద్దలకు వింతగను, కొందరికి రోతగను తోచుచున్నది. "ఇంటి వంట మానిరి, బజారు తిండికి మరగిరి" అని నిందించుట వినుచున్నాము. ఆ నిందలో న్యాయమెంత? ఈ ఫలహారము ఎక్కడనుండి వచ్చినది? అందలి ఒక్కొక్క వస్తువు ఏ త్రోవను మన ముంగిటికి చేరినది? దీనిని ఇంటియందే చేసికొనుట ఎట్లు? ఈ విషయములను నేడు మీకు మనవి చేయదలచితిని.

మొదట ఒక మాట. బజారు తిండి మనకు క్రొత్తది కాదు. కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామమున పూటకూటి ఇంటి ప్రసక్తి కలదు. రూక యిచ్చినవారికి అచ్చట కమ్మని భోజనము దొరకుచుండెడిదని ఆ కావ్యమువలన తెలియుచున్నది. బాటసారి, వర్తకుడు, సైనికుడు, యాత్రికుడు, వీరెవ్వరును తమ ఇంటి పొయ్యిని మూటగట్టుకొని పోజాలరు కదా! జనులు ఊరు విడిచి పనికి పోయిన ప్రతి కాలమునందును వారికై వండి యమ్మువారు పుట్టిరి. మారినది వంటకమేగాని అవసరము కాదు.

ఇక మూసాపేట మాట. ఇదియు ఒకప్పుడు పల్లెయే; కాని బాట ప్రక్క పల్లె. హైదరాబాదునుండి పూనామీదుగా బొంబాయికి పోవు మార్గము దీనినుండియే పోవుచున్నది. నేడు దానిని 65వ జాతీయ రహదారి యందురు. తూర్పున అది మచిలీపట్టణమువరకు సాగును. నిజాము ప్రభుత్వపు హామీతో వేయబడి 1874లో తెరవబడిన రైలుమార్గము సికిందరాబాదును వాడి జంక్షనుతో కలిపి, బొంబాయి, మదరాసులకు దారి యేర్పరచెను. ఆ మార్గము మూసాపేట చెంతనున్న భరత్‌నగరుమీదుగానే పోవుచున్నది. 1942లో ఆల్విన్ లోహ కర్మాగారము సమీపమున సనత్‌నగరు ప్రాంతమున వెలసెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట బాలానగరు, కూకట్‌పల్లి వైపున మరికొన్ని పరిశ్రమలు వచ్చినవి. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపురమున సైబర్ టవర్సు భవనమును ప్రారంభించిరి. 2007లో కూకట్‌పల్లి పురపాలకము హైదరాబాదు మహానగరపాలక సంస్థలో కలిసెను. 2017 నవంబరు 28వ తేదీన మెట్రో రైలు ప్రారంభమై, మూసాపేటకును ఒక స్టేషను వచ్చినది. ఈ తేదీలను ఏల చెప్పితిననగా, బాట ప్రక్క ఊరికి ఆహారము బాటవెంటనే వచ్చును. నాడు ఖార్ఖానా కూలివానికి చాయయు, బన్నురొట్టెయు చాలెడివి. నేడు యంత్రగణకముల యొద్ద పనిచేయువారు కాల్చిన శాండ్‌విచ్ కోరుచున్నారు. ఇరువురికిని కావలసినది ఒక్కటే: చేతిలో పట్టునది, త్వరగా దొరకునది, కడుపు నింపునది.

శాండ్‌విచ్ అనునది వాస్తవమునకు ఒక ఊరి పేరు. ఇంగ్లండు దేశమున కెంట్ మండలమున ఆ ఊరున్నది. ఆ ఊరి పేరుమీద బిరుదు వహించిన నాలుగవ ఎర్ల్, జాన్ మాంటగ్యూ అను ప్రభువు, 1718 మొదలు 1792 వరకు జీవించెను. ఆయన జూదపు బల్ల విడిచి లేవలేక, మాంసమును రెండు రొట్టె ముక్కల నడుమ పెట్టి తెమ్మనెనని ఒక కథ వాడుకలో నున్నది. ఆయన నౌకాదళ వ్యవహారములు చూచిన మంత్రి గనుక, వ్రాతబల్లయొద్ద పని విడువలేకయే అట్లు చేసియుండునని మరికొందరి అభిప్రాయము. ఏది నిజమైనను, 1762వ సంవత్సరపు తన దినచర్యలో ఎడ్వర్డు గిబ్బన్ అను చరిత్రకారుడు ఈ మాటను వ్రాసియున్నాడు. రోము సామ్రాజ్య క్షీణచరిత్రమును రచించిన గిబ్బనే యతడు. గొప్పవారు రాత్రివేళ క్లబ్బులో చల్లని మాంసమునో, శాండ్‌విచ్‌నో తినుచుండిరని యతని సాక్ష్యము.

పేరు ఆంగ్లేయులదే గాని, వస్తువు వారి సొత్తు కాదు. రొట్టెలో కూరను చుట్టి తినని దేశము లేదు. తెలంగాణమున గొర్రెల కాపరి తెల్లవారుజామున జొన్నరొట్టెలో పచ్చిమిరప తొక్కునో, వెల్లుల్లి కారమునో పెట్టి, మడచి, గుడ్డలో కట్టుకొని మందవెంట పోవును. అది మధ్యాహ్నమువరకు పాడుగాదు. తినుటకు పళ్లెము వలదు. ఎర్ల్‌గారి ఫలహారమునకును, మన కాపరి సద్దికిని సూత్రమొక్కటియే.

మరి ఈ మెత్తని గోధుమ రొట్టె మనకెట్లు వచ్చినది? 1498లో వాస్కో డ గామా కాలికట్టు చేరెను. 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టుకొనిరి. వారికి పొంగిన రొట్టె లేక భోజనము సాగదు. గోధుమపిండి సంపాదించుకొన్నను, దానిని పొంగించు మడ్డి దొరకలేదు. అప్పుడు గోవా రొట్టెలవాండ్రు కల్లును పిండిలో కలిపి పులియబెట్టిరి. తాటి, ఈత, కొబ్బరి కల్లు ఏల నురుగు కట్టునో గ్రామవాసులైన మీకు నేను చెప్పనక్కరలేదు. అందలి సూక్ష్మజీవులు చక్కెరను తిని వాయువును విడుచును. ఆ వాయువు పిండిలో చిక్కుకొనుటచేత రొట్టె పొంగును. పులియుట జీవుల పనియని పందొమ్మిదవ శతాబ్ది నడుమ లూయీ పాశ్చరు నిరూపించుటకు చాలముందే మన రొట్టెలవారు దానిని చేతితో నెరిగియుండిరి. రొట్టెకు పోర్చుగీసు భాషలోనున్న పేరే మరాఠీలో పావు అయినది.

హైదరాబాదునకు రొట్టె రెండు త్రోవల వచ్చినది. ఒకటి పారసీక, మొగలాయి సంప్రదాయము. మట్టి తందూరులో కాల్చు నాను, షీర్‌మాలు ఆ జాతివి. పురానీ హవేలీ యొద్ద మున్షీ నాను దుకాణము 1851లో మొదలైనదిగా ప్రసిద్ధి. రెండవది బొంబాయి త్రోవ. పందొమ్మిదవ శతాబ్ది చివరను, ఇరువదవ శతాబ్ది మొదటను ఇరాను దేశమునుండి బ్రతుకుతెరువునకై బొంబాయి చేరినవారిలో కొందరు, పూనామీదుగా మన నగరమునకును వచ్చి చాయ దుకాణములు పెట్టిరి. వారి వెంట బన్ను, వెన్న, బిస్కట్టు వచ్చినవి. పొంగి ఇబ్బడియైన రొట్టెను మనవారు డబుల్ రొట్టె యనిరి.

ఇచ్చట గమనింపవలసిన ముచ్చట యొకటి యున్నది. హైదరాబాదు గృహిణులు ఆ బజారు రొట్టెను బజారు రొట్టెగా ఉండనీయలేదు. దానిని నేతిలో వేయించి, పాలలోను చక్కెర పాకములోను నానబెట్టి, కుంకుమపువ్వు, ఏలకులు చేర్చి డబుల్ కా మీఠా అను మిఠాయి చేసిరి. నేడు అది లేని పెండ్లివిందు ఈ నగరమున అరుదు. అనగా, కొన్న వస్తువును ఇంటి వంటకముగా మార్చుట మనకు పూర్వమే అలవడిన విద్య.

డబుల్ రొట్టె పల్లెవరకు పోవుటకు మరికొంతకాలము పట్టెను. మన సీమ జొన్న, సజ్జ, వరి పండించు సీమ, గోధుమ స్వల్పము. 1956 మొదలు అమెరికానుండి గోధుమ విరివిగా దిగుమతియయ్యెను. 1966లో మెక్సికోనుండి 18,000 టన్నుల పొట్టిరకపు గోధుమ విత్తనము తెప్పించి ఉత్తరదేశపు రైతులు సాగుచేసిన పిమ్మట దేశమున గోధుమ సమృద్ధియైనది. 1965లో ఆస్ట్రేలియా సహాయముతో కేంద్రప్రభుత్వము మాడరన్ బేకరీస్ అను సంస్థను స్థాపించి, యంత్రములతో రొట్టె చేయించి నగరములలో నమ్మించెను. 2000లో ఆ సంస్థ ప్రైవేటువారి వశమయ్యెను. రొట్టెను సమానముగా ముక్కలు కోయు యంత్రము అమెరికాలో ఆటో రోవెడర్ అనువాడు కల్పింపగా, 1928 జూలై 7వ తేదీన అట్టి రొట్టె మొదట అమ్మకమునకు వచ్చెను. ఈ ముక్కల రొట్టె లేనిదే మన బండివాని శాండ్‌విచ్ లేదు.

ఇక నడుమ పెట్టు కూరల సంగతి. మూసాపేటలో నేడు అమ్ముచున్న ఈ కాల్చిన శాండ్‌విచ్ బొంబాయి వీధులలో రూపుదిద్దుకొన్నది. ఆంగ్లేయుని చల్లని మాంసపు ముక్క పోయి, శాకాహారులకు తగిన ఆలుగడ్డయు, పచ్చడియు అందు చేరినది. బొంబాయి యనగానే మనకు పరాయి ఊరని తోచవచ్చును. అట్లు కాదు. పదునెనిమిదవ శతాబ్ది చివరనుండియే నిజాము రాజ్యపు తెలుగువారు కూలిపనికై బొంబాయి పోయిరి. వారిని అచ్చటివారు కామాటీలనిరి. వారున్న పేట కామాటిపురమైనది. 1854లో అచ్చట నూలుమిల్లు స్థాపింపబడినది మొదలు, మన పద్మశాలీ నేతగాండ్రును, పాలమూరు, కరీంనగరు కూలీలును తండోపతండములుగా బొంబాయి, షోలాపురము, భివండీ చేరిరి. మిల్లు కూలివానికి అరగంట విరామములో అన్నము, పప్పు, కూర కుదురదు. అట్టివారి యవసరమే పావు రొట్టెతో ఆలుగడ్డను జతగూర్చినది. 1966 ప్రాంతమున దాదరు స్టేషను యొద్ద వడా పావు పుట్టినదని ప్రతీతి. కాబట్టి ఈ శాండ్‌విచ్ బొంబాయి బాటవెంట మూసాపేటకు వచ్చినప్పుడు, అది పూర్తిగా పరాయి వస్తువుగా రాలేదు. ఆ నగరమును కట్టిన చేతులలో మన చేతులును కలవు.

అందలి కూరల పేర్లే వాని చరిత్రను చెప్పును. కోస్తావారు బంగాళాదుంప యందురు, అనగా అది బంగాళమునుండి వచ్చిన దుంప యని వారి భావము. తెలంగాణమున ఆలుగడ్డ యందురు. అది ఉత్తరదేశపు పేరు. బొంబాయివారు బటాటా యందురు. అది పోర్చుగీసు మాట. ఒకే దుంప మూడు త్రోవల వచ్చినదని మూడు పేర్లు సాక్ష్యమిచ్చుచున్నవి. దాని జన్మస్థానము దక్షిణ అమెరికా పర్వతములు. టమాటయు, పచ్చిమిరపయు ఆ ఖండమువే. 1492లో కొలంబసు సముద్రము దాటకముందు మన కూరలలో మిరపకాయ లేదు. కారమునకు మిరియమే గతి. నేడు మిరపకాయ లేని తెలుగు వంటను ఊహింపగలమా? అయిదువందల యేండ్లలో పరాయి కాయ మన ఇంటి పేరు నిలబెట్టినది. అట్టిచో నిన్న వచ్చిన రొట్టెను "మనది కాదు" అని త్రోసివేయుట ఎంతవరకు న్యాయము?

పెద్దలారా, ఇప్పుడు అసలు చిక్కును ముట్టవలెను. బజారు రొట్టెయెడ మన పూర్వులకు కలిగిన సంకోచము రుచిని గూర్చినది కాదు. "ఎవరి చేతిది?" అనునదే వారి ప్రశ్న. ఏ కులమువాడు పిండి పిసికెను, ఏ మతమువాడు కాల్చెను, కల్లు తగిలినదా యని విచారించిరి. 1846లో వంగదేశమున రాజనారాయణ బసు బ్రహ్మసమాజమున చేరినప్పుడు, కులభేదమును పాటింపనని చూపుటకై బిస్కట్టు తినిన సంగతిని స్వీయచరిత్రలో వ్రాసికొనెను. బిస్కట్టు తినుటయే ఒక సాహసముగా నుండిన దినములవి! మన రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు, అందు పాల్గొన్నవారిని సంఘము వెలివేసెను. ఎవరితో కూర్చుండి తింటివి, ఎవరి చేతి వంట తింటివి అనుటయే మనుష్యుని స్థానమును నిర్ణయించిన కాలమది.

ఆ కట్టును సడలించినవానిలో ఉపన్యాసములతోపాటు చాయ దుకాణపు బల్లయు ఒకటి. ఇరానీవాని బల్లయొద్ద కుర్చీకి కులము లేదు. డబ్బిచ్చినవానికి కప్పు వచ్చును. ప్రక్కవాడెవడో అడుగు వీలు లేదు. నేడు మూసాపేట బండియొద్ద ఒక కాగితముమీది శాండ్‌విచ్‌ను నలుగురు మిత్రులు నాలుగు ముక్కలుగా పంచుకొనుచున్నారు. ఆ నలుగురి తాతలు ఒక పంక్తిని కూర్చుండియుండరు. బజారు తిండిని నిందించునప్పుడు ఈ లాభమును మరువరాదని నా మనవి.

అయినను బజారు తిండిలో దోషము లేదని నేననను. దోషమున్నది, కాని అది చేసినవాని పుట్టుకలో లేదు, చేసిన విధానములో నున్నది. రెండు నిదర్శనములు చెప్పెదను.

రొట్టె బాగుగ పొంగుటకు పొటాషియం బ్రోమేటు అను రసాయనమును పిండిలో కలుపుట ఒకప్పుడు కొందరు తయారీదారుల వాడుకగా నుండెను. 2016 మే నెలలో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రమువారు 38 రొట్టె నమూనాలను పరీక్షింపగా, నూటికి 84 వంతుల నమూనాలలో పొటాషియం బ్రోమేటో, అయొడేటో కానవచ్చెను. బ్రోమేటు క్యాన్సరునకు కారణము కావచ్చునని శాస్త్రజ్ఞుల శంక. ఆ సంవత్సరము జూన్ నెలలోనే కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దానిని నిషేధించెను.

రెండవది మన రాష్ట్రపు సంగతి. శాండ్‌విచ్చులలో తెల్లని వెన్నవలె పూయు మయొనైజు అను పదార్థమున్నది. 1756లో ఫ్రెంచివారు మధ్యధరా సముద్రమున మాహోను రేవును పట్టుకొన్న సందర్భమున అది పుట్టినదని ఒక కథ. దానిని పచ్చి గ్రుడ్డు సొనలో నూనె చిలికి చేయుదురు. ఉడకని గ్రుడ్డులో సాల్మొనెల్లా అను విషక్రిమి యుండవచ్చును. మన యెండలో గంటలకొలది నిలువయుంచినచో అది వేలకు వేలుగా పెరుగును. హైదరాబాదున కలుషితాహారము తిని జనులు రోగగ్రస్తులైన పిమ్మట, 2024 అక్టోబరు 30వ తేదీన తెలంగాణ ప్రభుత్వము పచ్చి గ్రుడ్డుతో చేసిన మయొనైజును ఒక సంవత్సరకాలము నిషేధించెను. 2025 ఏప్రిలులో తమిళనాడు ప్రభుత్వమును అట్లే ఒక యేడాది నిషేధించెను.

కాబట్టి అడుగవలసిన ప్రశ్న "ఎవరి చేతిది?" అని కాదు, "ఎప్పుడు చేసినది, ఎంత కాగినది, దేనితో చేసినది?" అని. ఈ మూడు ప్రశ్నలకు మనము నిశ్చయముగా బదులు చెప్పగల చోటు మన వంటిల్లు. ఇంట చేసికొనుటవలని లాభమిదియే.

అయితే ఇంట చేసినవారందరును, "బండివాని రుచి రాలేదు" అని నిట్టూర్చుట కలదు. పొరుగింటి పుల్లకూర రుచి యను సామెత కొంతవరకు నిజమే. కాని అందు మూడు కారణములును కలవు: రొట్టె తడిసి ముద్దయగుట, పైన మాడి లోపల చల్లగా నుండుట, పచ్చడి చప్పబడుట. మా యింట మా కోడలు పలుమారు చేసి కుదిర్చిన పద్ధతిని, దాని కారణములతోకూడ చెప్పెదను. అచ్చు లేనివారును చేసికొనవచ్చును.

నలుగురికి ఎనిమిది రొట్టె ముక్కలు కావలెను. అప్పుడే వచ్చిన మెత్తని రొట్టెకంటె నిన్నటి రొట్టె మేలు. అది కొంత బిగిసి, కోతకును కాల్పునకును నిలుచును. రెండు ఆలుగడ్డలు, ఒక చిన్న బీట్‌రూటు ముందుగా ఉడికించి, పూర్తిగా చల్లార్చి చక్రములుగా కోయవలెను. వేడిమీద కోసిన ఆలుగడ్డ విరిగిపోవును. దోసకాయ, టమాట చక్రములమీద ఉప్పు చల్లి పావుగంట వాల్చియుంచినచో నీరు దిగును. ఆ నీటిని వంచి, గుడ్డతో అద్దవలెను. రొట్టె ముద్దయగుటకు ఆ నీరే మూలము.

పచ్చడికి ఒక కట్ట కొత్తిమీర, దానిలో సగము పుదీన, మూడు నాలుగు పచ్చిమిరపకాయలు, అరచెంచా జీలకర్ర, రెండు చెంచాల పుట్నాలపప్పు, ఉప్పు, ఒక నిమ్మపండు రసము చేర్చి, వీలైనంత తక్కువ నీటితో రోటిలోనైనను, మిక్సీలోనైనను గట్టిగా నూరవలెను. పుట్నాలపప్పు నీటిని పట్టి పచ్చడిని జారనీయదు. నిమ్మరసము పులుపుతోపాటు పచ్చరంగును కొంతసేపు కాపాడును. పొడికి వేయించిన జీలకర్ర, మిరియాలు, నల్లఉప్పు, మామిడి ఒరుగుల పొడి చాలును. బండివాని రహస్యమని చెప్పుకొను మసాలాలో ముఖ్యభాగమిదియే. మయొనైజు కోరు పిల్లలకు, గడ్డపెరుగును గుడ్డలో కట్టి మూడు గంటలు వ్రేలాడదీసి, అందు చిటికెడు ఆవపిండియు ఉప్పును కలిపి పూసినచో తృప్తి కలుగును. దానిని ఆ పూటకు మించి నిలువయుంచరాదు.

రొట్టె ముక్కకు లోపలివైపున అంచులవరకు వెన్న పూయుట ముఖ్యము. వెన్న రుచికి మాత్రమే కాదు. అది కూరల తడి రొట్టెలోనికి దిగకుండ అడ్డుకట్టగా నిలుచును. వెన్నమీద పచ్చడి, దానిమీద ఆలుగడ్డ, నడుమ తడి కూరలు, పైన పొడి, మరల వెన్న పూసిన ముక్క, ఇది క్రమము. ఇనుప పెనము బాగుగ కాగిన పిమ్మట మంట తగ్గించి, కొంచెము నేయి వేసి, శాండ్‌విచ్ నుంచి, పైన చిన్న పళ్లెము పెట్టి, దానిమీద నీరు నింపిన ఇత్తడి చెంబు నుంచవలెను. ఆ బరువే అచ్చు పని చేయును. రెండు మూడు నిమిషములకొకమారు త్రిప్పి ఇరువైపుల కాల్చవలెను.

మంట ఏల తగ్గింపవలెను? నీరు 100 డిగ్రీలకు మించి కాగదు. రొట్టె పైభాగము ఆరి, దాదాపు 140 డిగ్రీలు దాటినప్పుడే ఎఱ్ఱబారి కమ్మని వాసన పుట్టును. ఈ మార్పును 1912లో మయ్యారు అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించెను. పెద్ద మంటమీద పైభాగము తొందరగ మాడును, లోపలి ఆలుగడ్డకు వేడి చేరదు. సన్నని సెగయు, పైబరువును కలిసినప్పుడు వేడి నెమ్మదిగా లోపలికి దిగును. మన అవ్వలు జొన్నరొట్టెను నిదానముగా కాల్చుటలో నెరిగిన మర్మమిదియే. ఆ చేయి తిరిగిన అవ్వలకు శాండ్‌విచ్ కాల్చుట ఒక లెక్కలోనిది కాదు.

పండుగకు పిల్లలు పట్నమునుండి వచ్చి, బండియొద్ద తినిన రొట్టెను గూర్చి ముచ్చటపడినచో మొగము చిట్లింపకుడు. రొట్టె ఒక పొట్లము తెప్పించి, కూరలు తరిగించి, పెనము పొయ్యిమీద పెట్టింపుడు. పిల్లలనే కాల్చుమనుడు, చేసిన చేతికి తినినదాని విలువ తెలియును, ఆ విద్య వారి వెంట పట్నమునకు పోవును. వారక్కడ అద్దెగదిలో, ఒంటి పొయ్యిమీద, రాత్రి పని ముగించి వచ్చి తమకు తాము వండుకొనగలుగుదురు. కొనక తప్పని దినమున, తమ కన్నులయెదుట కాల్చినదానిని, వేడిగానున్నప్పుడే తిని, నిలువ పదార్థమును వలదనుడని చెప్పుడు.

పోర్చుగీసువాని పావు, అమెరికా దుంప, ఇరానీవాని బన్ను, బొంబాయి కూలివాని తొందర, ఇవన్నియు కలిసి వచ్చిన ఈ ఫలహారమునకు మన పెనముమీద చోటియ్యవచ్చును. మిరపకాయకు చోటిచ్చిన పొయ్యికి ఇది బరువు కాదు.

సెలవు.